నంబరు రాసిన మన్ను

బళ్ళారి కౌల్ బజార్‌లో పూజ సామాన్ల అంగడి ముందర, ఒక గంపలో బిస్కెట్ల మాదిరి ఏందో పోసిపెట్టి ఉండె. చదరంగా, ఎర్రగా, పొగచూరిన వాసన. నేను పోయింది సాంబ్రాణి కోసం. ఇదేదో కొత్త రకం ధూపం అనుకొని ఒక ముక్క చేతిలోకి తీసుకొంటిని. "ఏందప్పా ఇది?" అని అడిగితే అంగడాయప్ప పొట్లం కట్టుకుంటా, తల కూడా ఎత్తకుండా చెప్పినాడు.

"మన్ను సార్. కాల్చిన మన్ను. తినేదానికి."

చేతిలో ముక్క జారి గంపలో పడింది.

"తినేదానికా?"

"హౌదు సార్. కడుపుతో ఉండే ఆడోళ్ళు అడుగుతారు. కడుపుతో లేనోళ్ళు కూడా అడుగుతారు. ఒకతూరి రుచి తగిలితే ఇంగ ఇడిచిపెట్టరు. నాకేంది సార్, నీ సాంబ్రాణి కంటే ఇదే ఎక్కువ పోతాది."

పక్కంగడి మెట్టు మీద కూలబడితిని. ఆటోలోడు ఒకడు బండి నిలిపి "బీపీనా పెద్దాయనా, నీళ్ళు తాగుతావా?" అని అడిగె. బీపీ ఏంది నా మొగం. ఎన్నేండ్లయింది ఆ ల్యాబు పని మానేసి! తలంతా తెల్లబడిపోయింది. మరిచిపోయినాననే అనుకుంటాండా. నా చేతి వేళ్ళు మాత్రం మరిచిపోలేదు. ఆ ముక్క పట్టుకోగానే బొటనవేలు దాన్ని రుద్ది చూసింది.

ఆయమ్మ పేరు నేను రాయను. ఆమె తాలూకు మనుషులు ఈ చుట్టుపక్కలే ఉండారు. మన్ను తిని చచ్చిపోయింది ఆయమ్మ. ఉత్త మన్ను కాదు, గ్రేడు కట్టిన మన్ను. ఆ గ్రేడు కట్టింది నేను. మెత్తగా ఆడించింది నేను. పొట్లం కట్టి చేతిలో పెట్టింది కూడా నేనే. ఇన్నేండ్లలో ఈ సంగతి మా ఇంట్లో నా పెండ్లానికి సగమే చెప్పినాను. మిగిలిన సగం ఈడ రాస్తాండా.

అవి గనుల రోజులు. చైనాకు మాల్ పోతాండె. మాల్ అంటే మా పక్క ఇంగేం కాదు, గుట్టల్లో దొరికే ఇనుప రాయి. సండూరు గుట్టల మీంచి పగలనక రేయనక టిప్పర్లు దిగుతాండె. రోడ్డు పక్క వేపచెట్లు ఎర్రగా, ఎద్దుల వీపులు ఎర్రగా, ఆరేసిన పంచెలు ఎర్రగా. దగ్గితే ఎర్రగా వచ్చేది. ఆ రోడ్డు మీదనే ఒక చిన్న ల్యాబులో నాకు ఉద్యోగం. రాయి పగలగొట్టే మిషన్ ఒకటి, పగిలినదాన్ని పిండి చేసే మిషన్ ఒకటి, తక్కెడ, ఆసిడ్ సీసాలు, నేను. తెచ్చిన రాయిని గోధుమపిండి కంటే మెత్తగా ఆడించి, అందులో ఇనుము నూటికి ఎన్ని పాళ్ళు ఉండాదో తేల్చి కాగితం మీద రాసియ్యడం నా పని. నూటికి అరవై ఐదు పాళ్ళు ఉంటే దాన్ని అరవై ఐదు అంటాము. అంతే. ఆ ఒక్క అంకె కోసం జనం ఎట్ల కొట్టుకున్నారో చూడనోళ్ళకు చెప్తే నమ్మరు.

కంపెనీలోళ్ళే కాదు, రైతులు కూడా వచ్చేవాళ్ళు. చేనుండే ప్రతి ఒక్కనికీ కింద ఏముండాదో చూడల్లనే పిచ్చి. మూడు తరాలు జొన్న పండిన చేన్లో గుంత తవ్వి, నాలుగు రాళ్ళు తువ్వాలలో మూట కట్టుకొని వచ్చి, నా ముందర ఇప్పి, చేతులు కట్టుకొని నిలబడేవాళ్ళు. అరవై దాటిందంటే మొగం వెలిగిపోయేది. యాభై అంటే చావు కబురు విన్నట్టు కూలబడేవాళ్ళు. ఒకాయప్పయితే కూతురి సంబంధానికి పోయి, పిల్లోని చదువు అడగకుండా "మీ చేను గ్రేడెంత?" అని అడిగొచ్చినాడు. గుంత తవ్విన చేన్లో మళ్ళా జొన్న మొలవదని వాళ్ళకు తెలవదా? తెలుసు. నాకంటే బాగ తెలుసు.

రెండేండ్లలో నా కన్ను మిషన్ మాదిరి అయిపోయింది. రాయి అరచేతిలో వేసుకొని బరువు చూసి, వేలితో రుద్ది రంగు చూసి అంకె చెప్పేసేవాణ్ణి. తర్వాత మిషన్ చెప్పినా ఒకటో అరో తేడా వచ్చేది, అంతే. డ్రైవర్లు టీ పందెం కట్టి నన్ను పరీక్ష పెట్టేవాళ్ళు. ఎప్పుడూ నేనే తాగేవాణ్ణి ఆ టీ. పొగరు దండిగా ఉండె నాకు.

అట్లాంటి రోజుల్లో ఒక మిట్టమధ్యాన్నం ఆయమ్మ వచ్చె. తారానగర్ పక్క చేను వాళ్ళది, నాలుగెకరాలు, తెలుగోళ్ళే. నలభై దాటి ఉంటాది. సన్నంగా, పొడుగ్గా, పెదవులు తెల్లగా. గడప బయట చెప్పులు ఇడిచి నిలబడె.

"లోపలికి రాక్కా. చెప్పులుంటే ఏం కాదు, ఈడ నేలంతా మన్నే."

"అందుకే ఇడిస్తిని సారూ" అనె.

నవ్వినాను నేను. ఏదో భక్తి మనిషి అనుకుంటిని.

కొంగు ముడి ఇప్పితే మూడు రాళ్ళు, గుప్పెడు మన్ను. నాకు ఇచ్చే ముందు తనే చిటికెడు అరచేతిలో వేసుకొని, బొటనవేలితో మెల్లగా రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకొని కండ్లు మూసుకునె. రైతు మనిషి గదా, మన్ను చూసుకునే పద్ధతి అనుకుంటిని. "ఎంతుంటాది సారూ?" అని అడిగె.

"యాభై రెండు. గోడకు కూడా పనికిరాదక్కా."

ఎంత చిన్నబోయిందో ఆ మొగం! మొగుడు కోప్పడతాడేమో పాపం అనుకొని, "బాధపడొద్దక్కా, ఇంగొక మూల తవ్వి చూడు, దొరుకుతాది" అని ధైర్యం చెప్పినాను. చూడండి, నా నోటితో నేనే చెప్పినాను తవ్వి చూడమని.

ఇంగ వారం వారం సంతకు వచ్చినప్పుడల్లా వచ్చేది. ఒక తూరి చేని గట్టు మన్ను, ఒక తూరి వంకలో మన్ను, ఒక తూరి టిప్పర్ మలుపు తిరిగే చోట జారిపడిన మాల్. నేను పందెం మాదిరి కండ్లతోనే అంకె చెప్పేవాణ్ణి, ఆమె తలాడించి గుర్తు పెట్టుకునేది. టీ ఇస్తే తాగేది కాదు. "నోట్లో రుచి పోతాది సారూ" అనేది. ఏం రుచి అని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. ఆమె నవ్వినప్పుడల్లా కొంగు అడ్డం వచ్చేది. సిగ్గు అనుకుంటిని. ఎప్పుడన్నా పండ్లు కనపడితే ఎర్రగా ఉండేవి. మా పక్క ఆకువక్క వేసుకునే ఆడోళ్ళందరి పండ్లూ ఎర్రగానే ఉంటాయి గదా, ఎవరు చూస్తారు?

నాలుగు వారాలకు ఆమె నోట సారూ పోయి అప్పా వచ్చె. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం గుడ్డలో చుట్టుకొని తెచ్చేది. "ఆ ఆసిడ్ల మధ్య కూడు ఎట్ల దిగుతాదప్పా నీకు?" అని దగ్గర కూర్చోబెట్టి తినిపించేది. నేను గుట్కా మనిషిని అప్పుడు. మేకుకు తోరణం మాదిరి ప్యాకెట్ల సరం వేలాడుతాండేది. పొద్దున లేస్తూనే ఒకటి చింపాల్సిందే, లేకుంటే చెయ్యి ఆడదు. ఆయమ్మకు అది చూస్తే ఒళ్ళు మండేది. ఒక రోజు లేచి, మేకు మీద ఉండే సరాన్ని పీకి, వాడేసిన ఆసిడ్ పోసే బకెట్‌లో వేసేసింది.

"ఓయమ్మా! ఏం పని చేస్తివక్కా!"

"నోరు కాలిపోతాది రా నాయనా. నీ పెండ్లాం ముండ మోయల్లనా? తెలిసి తెలిసి ఎవరన్నా విషం తింటారా?"

డ్రైవర్లు పగలబడి నవ్వినారు. నాకు తల కొట్టేసినట్టయింది. మూడు రోజులు ముట్టలేదు. నాలుగో రోజు కొత్త సరం కొని డ్రాయర్లో దాచుకుంటిని.

వాన వస్తే ఇంగొక మనిషి అయిపోయేది. మొదటి చినుకులు ఆ ఎర్ర రోడ్డు మీద పడతానే మాట మధ్యలో ఆపేసి బయటికి పోయేది. రోడ్డు పక్కన నిలబడి, నోరు కొంచెం తెరిచి, ఊపిరి పీల్చుకుంటా ఉండేది. టిప్పర్లోళ్ళు హారన్ కొట్టి తిట్టిపోతాండినా కదిలేది కాదు. "ఏందక్కా, వానకు పూనకమా?" అని ఎగతాళి చేస్తిని ఒకతూరి.

"నీకు వాసన రాదా అప్పా?"

"మన్ను వాసన ఎవరికి బాగుండదక్కా?"

"బాగుండేది కాదప్పా. పిలుస్తాది అది" అనె.

ఎంత ముద్దుగా చెప్పిందో అనుకొని ఊరుకుంటిని. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు మింగడం నేను చూసినాను. చూసి కూడా ఊరుకున్నాను.

పిండి చేసిన మాల్‌లో పరీక్షకు కావాల్సింది చిటికెడే. మిగిలింది వెనక దిబ్బ మీద పోసేస్తాము. ఒక రోజు నేను పోయబోతాంటే ఆయమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకునె. "ఇది పారేస్తారా అప్పా?"

"పారేయక ఏం చేయల్లక్కా? తింటామా?"

కొంగు అడ్డం పెట్టుకొని ఎంతసేపు నవ్విందో! నేను కూడా నవ్వినాను ఆమెతో కలిసి. గడపకు అలుక్కునేదానికి కావాలనింది. మా పక్క గడపకు ఎర్రమన్ను పూసి ముగ్గేసుకునే అలవాటు ఉండేదే. దానికేం భాగ్యం అని, గుప్పెడు పిండి కవర్లో పోసి, మడిచి, పిన్ను కొట్టి, అలవాటు కొద్దీ పెన్నుతో పైన అంకె రాసి ఇచ్చినాను. 65. చూసుకొని కండ్లకద్దుకునింది. "పిండి మాదిరి ఉండాదప్పా" అనె, చేత్తో ఒత్తి చూసుకుంటా.

అప్పట్నుంచి వారానికి ఒక పొట్లం. ఒకతూరి అరవై రెండు ఇస్తే వెనక్కి ఇచ్చేసింది. "పోయిన తూరిది అరవై ఐదు గదప్పా."

"గడపకు గ్రేడేంటికక్కా? లచ్చిమీదేవి ఏమన్నా ల్యాబు పెట్టిందా?"

"ఇచ్చేది మంచిదే ఇయ్యచ్చు గదా."

సరే అని అరవై ఆరు వెతికి ఇచ్చినాను. ఏం మనిషినప్పా నేను!

మధ్యలో ఒక తూరి ఆమె చెప్పింది కూడా. "డాక్టరమ్మ దగ్గరికి పోయింటిని. నెల నెలా రక్తం ఆగకుండా పోతాంది, గర్భసంచి తీసేయల్లంట. రక్తం ఆరే ఉండాదంట, పదికి వస్తేనే కోస్తానంటాది. నా ఒంట్లో ఇనుము తక్కువంట అప్పా."

నేను ఏమన్నానో తెలుసా? "ఇంత ఇనుములో ఉండి నీకు తక్కువ ఏందక్కా? అంతా చైనావాడు ఎత్తుకపోయినాడా ఏమి?"

"నేనూ అదే అంటినప్పా డాక్టరమ్మతో" అనింది ఆయమ్మ. ఇద్దరమూ నవ్వుకున్నాము. రాయిలో ఇనుము కనిపెట్టే మొనగాణ్ణి నేను. ఎదురుగా కాగితం మాదిరి తెల్లబడిపోతాండే మనిషి నాకు కనపడలేదు.

తర్వాత రెండు వారాలు రాలేదు. మూడో వారం ఆమె మొగుడు వచ్చినాడు. అంతకు ముందు ఆయప్పను నేను చూడలేదు. నెమ్మదస్తుడు, తక్కువ మాటల మనిషి. జేబులోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టె. సగం ఖాళీ అయిన పొట్లం. పైన నా చేతిరాత.

"సారూ, ఇందులో ఏమేముండాదో డాక్టరమ్మ రాసియ్యమంటాంది."

"ఏ డాక్టరమ్మ? ఏంటికి?"

"మా ఇంట్లో ఆమె బళ్ళారి ఆస్పత్రిలో ఉండాది సారూ. కండ్లు తిరిగి పడిపోయింది. ఏం తింటావని అడిగితే ఇది చూపించింది."

నాకు అర్థం కాలేదు. ప్రమాణం చేసి చెప్తాండా, అర్థం కాలేదు. "చూపిస్తే ఏందప్పా, ఇది గడపకు పూసేది గదా" అంటిని.

ఆయప్ప నా దిక్కు విచిత్రంగా చూసినాడు. "గడపకేంది సారూ? ఇది ఆమె మందు గదా. వారానికి ఒక పొట్లం, నువ్వే గదా ఇస్తాండేది. రాతిరి అన్నం అయినాక ఒక స్పూను వేసుకుంటాది. నేనే నీళ్ళిస్తా."

నవ్వొచ్చింది నాకు. ఏందో పిచ్చి నవ్వు. ఆ నవ్వు మధ్యలోనే బయటికి పరుగెత్తి దిబ్బ మీద కక్కుకున్నాను. లోపలికి వస్తే ఆయప్ప అట్లనే నిలబడి ఉండాడు. "నంబరు రాసి ఉండాది గదా సారూ" అన్నాడు మెల్లగా, తప్పు తనదేమో అన్నట్టు. "మాత్రల మీద కూడా నంబరే గదా ఉండేది. నూరో, నూటా యాభయ్యో. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు కడుపులో పడలేదు, పారేసింది. అది యాడదో కంపెనీది, ఇది మన గుట్టది, దీంట్లో అరవై ఐదు ఉండాది అని చెప్పింది. నేనూ నమ్మినా."

కాగితం తీసుకొని రాసినాను. ఇనుము ఇంత, ఇసక రాయి ఇంత. అంతకంటే నాకు తెలవదు. కొనేవాడు అడిగేవాటినే చూస్తాము మేము. మిగిలింది ఏముండాదో, విషముండాదో ఏమో, ఎన్నడూ చూడలేదు. ఆ కాగితం మీద అంకెలు వంకరటింకరగా వచ్చినాయి, నావి కావనిపించింది. పొట్లం మీదవి మాత్రం చక్కగా, గుండ్రంగా ఉండె.

ఆ సాయంత్రమే బళ్ళారికి పోతిని. మంచం మీద ఒరిగి పడుకొని ఉండె ఆయమ్మ. రక్తం ఎక్కిస్తాండారు. నన్ను చూసి కొంగు కోసం వెతుక్కునింది. ఆస్పత్రి గౌనుకు కొంగు ఉండదు గదా. చేత్తో మూసుకునింది నోరు.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, బడిపిల్లోనికి చెప్పినట్టు చెప్పింది. రాయిలో ఇనుము ఒంటికి పట్టదంట. పైగా ఆ మన్ను, తిన్న కూట్లో ఉండే ఇనుమును కూడా పట్టుకొని బయటికి తీసుకపోతాదంట. ఇంగొక మాట కూడా చెప్పింది. రక్తం తగ్గితేనే మన్ను మీదికి మనసు పోతాదంట చానా మందికి. తింటే ఇంగా తగ్గుతాది. తగ్గితే ఇంగా తినల్లనిపిస్తాది. పేగులో గట్టి పడితే ప్రాణానికే ముప్పు అని కూడా చెప్పింది.

"ఎప్పట్నుంచక్కా?" అని అడిగినాను మంచం పక్కన కూర్చొని.

"పెద్దోడు కడుపులో ఉన్నప్పట్నుంచి. వాన పడితే గోడ నాకితిని ఒక రోజు. మా అత్త చూసి చీపురుకట్టతో కొట్టె. అప్పట్నుంచి దొంగతనంగా చిటికెడు, చిటికెడు. కడుపు నొస్తాది, తెలుసు. రెండు రోజులు దొడ్డికి రాదు, తెలుసు. ఇంగ తినకూడదు అని ఎన్నితూర్లు ఒట్టేసుకుంటినో. ఆ వాసన వస్తే నా చెయ్యి నా మాట వినదప్పా." మళ్ళా తనే అనె. "అప్పుడు సిగ్గుండె. నువ్వు నంబరు రాసిచ్చినాక సిగ్గు పోయింది. నంబరు ఉండేది చెడ్డదెట్లయితాది?"

కోపం వచ్చింది నాకు. ఎవరి మీదనో తెలవదు, ఆమె మీద చూపించినాను. "బుద్ధి ఉండాదా నీకు? తెలిసి తెలిసి విషం తింటారా అని నన్ను తిడ్తివి గదా! నా సరం పీకి ఆసిడ్‌లో వేస్తివి గదా!"

"నీకు తెలవదా గుట్కా విషమని? ఏంటికి తింటావు?"

"ఏమో. నోరు ఊరుకోదు."

"నాదీ అంతే" అనె. ఆ మాట చెప్పి, పాపం, నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయింది. ఆ పండ్లు, ఆ చిగుళ్ళు, ఆ సందుల్లో మెరుస్తాండే పిండి, నేను ఆడించిన పిండి, ఇప్పటికీ నా కండ్ల ముందర ఉండాయి.

ఆ రోజు ఒక ఒప్పందం చేసుకున్నాము. నేను గుట్కా ముట్టకూడదు, ఆమె మన్ను ముట్టకూడదు. ఆమె రక్తం పదికి వచ్చి ఆపరేషన్ అయిపోయేదాకా. చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాము.

నెల రోజులు మాట నిలబెట్టుకుంది ఆయమ్మ. ఇంజెక్షన్లు వేయించుకుంది, మాత్రలు మింగింది. చెంపలకు రంగు వచ్చె. ఒక సంత రోజు ల్యాబుకు వచ్చి "ఎనిమిదిన్నర" అని చెప్పింది, అరవై ఐదు విన్న రైతు మాదిరి మొగం పెట్టుకొని. నా ప్రాణం లేచొచ్చింది. ఇద్దరమూ సంబరపడితిమి. "వాసన ఇప్పుడు అంతగా పిలవడం లేదప్పా" అని కూడా చెప్పింది. "నీ సంగతేంది?" అని నా దిక్కు చూసె.

"ముట్టలేదక్కా" అంటిని. అప్పటికి ముట్టలేదు, నిజమే.

తర్వాత ఒక రోజు మిషన్ చెడిపోయి, ఓనరు అరిచి, తల వేడెక్కి ఒకటి చింపినాను. ఒకటే అనుకుంటిని. వారంలో మళ్ళా మామూలే. ఆయమ్మ వచ్చే రోజు మాత్రం నోరు పుక్కిలించి, ఏలక్కాయ నమిలి కూర్చునేవాణ్ణి. తొమ్మిది అయింది రక్తం, ఇంగ ఒకటే తక్కువ అని చెప్పేదానికి వచ్చిన రోజు ఆమె అనుకున్నదాని కంటే ముందే వచ్చేసింది. నా దవడలో అప్పుడే పెట్టుకున్నది ఉండె. మింగలేను, ఊయలేను. పెదవులు బిగించుకొని తలాడించినాను.

ఆయమ్మ నా మొగం చూసింది. తెలిసిపోయింది ఆమెకు. తిట్టల్ల గదా? ముండ మోయల్లనా అని అరవల్ల గదా? మెల్లగా కొంగు తీసి తన నోటికి అడ్డం పెట్టుకునింది.

నెల రోజులుగా ఆ కొంగు పైకి రాలేదు. నేను గమనించినాను. ఆ రోజు వచ్చింది. చూసినాను, అర్థమయింది నాకు, పక్కాగా అర్థమయింది. "నోరు తెరువక్కా" అని అడగల్ల. అడిగితే నా నోరు తెరవల్ల గదా! అడగలేదు. ఇద్దరమూ నోర్లు మూసుకొని ఒకరినొకరు చూసుకుంటా కూర్చున్నాము కొంచెం సేపు. "పోయొస్తానప్పా" అని కొంగు వెనక నుంచే చెప్పి పోయింది. నేను చెయ్యి ఊపినాను. ఆమె పోయినాక బయటికి వచ్చి ఊసినాను.

పొట్లం నేను ఇయ్యడం లేదు గదా, యాడ దొరుకుతాది అని నన్ను నేనే సమాధానపరచుకుంటిని. ఏం దొరకడం? ఊరంతా అదే. చేని గట్టు మీద, ఆకుల మీద, కిటికీ చువ్వల మీద. వెనక దిబ్బ మీద నేను రోజూ పోస్తాండే పిండి మీద ఎవరి చేతి ముద్రలో ఉన్నాయని మా వాచ్‌మన్ చెప్పినాడు, కుక్కలేమో అన్నాను.

మూడు వారాలకు ఫోను వచ్చె. పేగు మూసుకపోయిందంట, కడుపు ఉబ్బి రాయి మాదిరి అయిందంట, వెంటనే కోస్తాండారంట. ఆమె కోరుకున్న ఆపరేషన్ కాదు అది. నేను పోయేసరికి లోపలికి తీసుకపోయినారు. ఆ మర్సటి పొద్దుకు ఆయమ్మ లేదు. ఆ సంగతి అప్పుడు మాకు తెలవదు. మొగుడు బెంచీ మీద కూర్చొని ఉండాడు, పక్కన నేను కూర్చున్నాను. ఇద్దరమూ తలుపు దిక్కే చూస్తాండాము.

కోసి తీసింది చుట్టాలకు చూపించడం ఉంటాది గదా ఆస్పత్రుల్లో. తలుపు తెరుచుకొని డాక్టరమ్మ వచ్చె, ముక్కు మీద గుడ్డ కిందికి లాక్కుంటా. నర్సు చేతిలో స్టీలు ట్రే. ట్రేలో ఒక ముద్ద. పిడికిలంత ఉండాది. నల్లెరుపు, అంచుల్లో కొంచెం నీలం మెరుపు.

"మీరే గదా ల్యాబ్ ఆయన" అని నన్ను గుర్తుపట్టె డాక్టరమ్మ. "చూడండి. ఇది ఆ పొడేనా? నేను రాసుకోవాలి."

చూసినాను. దేవుడు సాక్షి, నేను ఏడవల్లనే వంగినాను ఆ ట్రే మీదికి. ఆమె కడుపులోంచి తీసింది అది, ఆమెను చంపుతాండేది అది, నాకు తెలుసు. కానీ నా కన్ను ఆగలేదు. రంగు చూసింది, మెరుపు చూసింది, బరువు అంచనా కట్టింది. నా నోరు కూడా ఆగలేదు.

"అరవై ఐదు" అన్నాను.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. "అరవై ఐదేంది?" అని అడిగింది.

పక్కనే నిలబడి ఉండాడు మొగుడు, కండ్లనిండా నీళ్ళు పెట్టుకొని. ఆయప్పే చెప్పినాడు.

"మంచి మాల్ అని మేడం."